ట్రేడ్ తూకం, 4వ పాఠం: ముక్కలు కూడితే స్టార్ సెంటర్ అవుతాడా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు ఆటగాళ్లను మార్చుకోవడమే ట్రేడ్. పోయిన పాఠంలో బోస్టన్ జట్టు జో థార్న్‌టన్‌ను శాన్‌హోసేకు ఇచ్చి ముగ్గురిని తెచ్చుకున్న ట్రేడ్ చూపించి, ఒక్కో ఆటగాడికి పదికి ఎన్ని మార్కులో వేయమన్నాను. చాలామంది ఒకే లెక్క పంపారు. థార్న్‌టన్‌కు 9. మార్కో స్టర్మ్‌కు 6, బ్రాడ్ స్టువర్ట్‌కు 6, వేన్ ప్రీమోకు 4, మొత్తం 16. కాబట్టి బోస్టన్‌దే లాభమన్నారు. మార్కులు వేయమన్నాను గానీ, వాటిని కూడొద్దని నేను చెప్పలేదు. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న గోలీల (గోల్‌కీపర్ల) సంగతి ఆపి, ముందు దీన్ని తేల్చుకుందాం.

ఐదు వందనోట్లు ఇస్తే ఐదువందల నోటు వస్తుంది. హాకీలో రాదు. గోలీ కాక మంచు మీద ఒకసారికి ఉండేది ఐదుగురే, అందులో సెంటర్, అంటే ముందువరసలో మధ్యన ఆడేవాడు, ఒక్కడే. గోలీలను పక్కన పెడితే మ్యాచ్‌కు 18 మందినే దించాలి. ఒకడు వెళ్లి ముగ్గురు కొత్తగా వస్తే అప్పటికే ఉన్న ఇద్దరు బయట కూర్చోవాలి. అంటే మీకు కలిసొచ్చేది 16 కాదు, వచ్చినవాళ్లకూ కూర్చున్నవాళ్లకూ మధ్య ఉన్న తేడా మాత్రమే.

పైగా స్టార్ సెంటర్ పక్కవాడి ఆటనూ పెంచుతాడు. 2005 నవంబరు 30న థార్న్‌టన్ శాన్‌హోసేకు వెళ్లాడు. గోల్ వెనక పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) పట్టుకుని, డిఫెన్స్‌వాళ్లను వీపుతో ఆపుతూ నిలబడేవాడు. అందరి కళ్లూ అతని మీద ఉండగా జొనాథన్ చీచూ గోల్ ముందుకు జారేవాడు, పాస్ సరిగ్గా అతని కర్రకు అందేది. ఆ సీజన్‌లో చీచూ 56 గోల్స్ కొట్టి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. థార్న్‌టన్ 125 పాయింట్లతో (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు. చీచూ గోల్స్‌ను మీ 9 మార్కుల్లో ఎక్కడ వేశారు?

ఒక జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

ఇక స్టార్‌కు బదులుగా వచ్చే కుర్రాళ్ల సంగతి. నేనైతే ప్యాకేజీలో అందరికన్నా మెరుగైన ఒక్కడి మీద వేలు పెట్టి, మిగతావాళ్లను చేత్తో మూసేస్తాను. ఆ ఒక్కడు నచ్చకపోతే ట్రేడ్ వద్దంటాను. 1992లో ఎరిక్ లిండ్రోస్ కోసం ఫిలడెల్ఫియా ఆరుగురిని, రెండు మొదటి రౌండ్ పిక్‌లను (ఏటా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులను), కోటీ యాభై లక్షల డాలర్లను క్యుబెక్‌కు ఇచ్చింది. అందులో అసలు బరువు అప్పటికింకా స్వీడన్‌లోనే ఆడుతున్న పీటర్ ఫోర్స్‌బర్గ్‌ది.

రెండోది ఓపిక. 2018లో ర్యాన్ ఓరైలీని ఇచ్చి బఫలో తెచ్చుకున్నవాళ్లలో టేజ్ థాంప్సన్ ఒకడు. మొదటి సీజన్‌లో 65 మ్యాచ్‌లకు 7 గోల్స్. అదే సీజన్‌లో ఓరైలీ తన కొత్త జట్టు సెయింట్ లూయిస్‌తో లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచి, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) ఉత్తమ ఆటగాడయ్యాడు. కప్ గెలిచిన జట్టు వంతు చివరికి పోతుంది కాబట్టి, సెయింట్ లూయిస్ నుంచి బఫలోకు రావాల్సిన మొదటి రౌండ్ పిక్ కూడా జారి జారి 31కి, అంటే రౌండ్ చివరికి పడింది. స్టార్‌ను అమ్మినవాడి చేతిలోని పిక్ విలువను ఆ స్టారే తగ్గిస్తాడు, ఇది రాసి పెట్టుకోండి. తర్వాత వింగర్‌గా (పక్కన ఆడే ఫార్వర్డ్‌గా) ఉన్న థాంప్సన్‌ను సెంటర్‌కు మార్చారు. 2022-23లో 47 గోల్స్ కొట్టాడు.

అభ్యాసం: తేదీ 2021 నవంబరు 4. జాక్ ఐకెల్‌ను బఫలో వెగాస్‌కు ఇస్తోంది. మెడ డిస్క్ దెబ్బతింది, ఆపరేషన్ ఇంకా కాలేదు, ఏడాదికి కోటి డాలర్ల కాంట్రాక్టు 2026 దాకా ఉంది. అతనితో పాటు ఒక మూడో రౌండ్ పిక్ కూడా పోతుంది. బదులుగా వచ్చేవి: భుజం ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న 25 ఏళ్ల అలెక్స్ టక్, 2019లో 17వ పిక్‌గా వచ్చిన 20 ఏళ్ల పేటన్ క్రెబ్స్, ఒక మొదటి రౌండ్ పిక్, ఒక రెండో రౌండ్ పిక్. 2023లో వెగాస్ కప్ గెలిచిన సంగతి జవాబులో రాకూడదు. క్రెబ్స్ స్టార్ కావడానికి, మామూలు ఆటగాడిగా మిగలడానికి, అసలు నిలవకపోవడానికి నూటికి ఎన్నెన్ని వంతులు ఇస్తారో విడివిడిగా రాయండి. ఆ తర్వాత టక్ కోసం బఫలో ఎవరిని బయట కూర్చోబెట్టాలో వాళ్ల అప్పటి జట్టు జాబితా తీసి, పేరుతో సహా చెప్పండి.