అంబాసిడర్ కారు అడుగు పని, 4వ పాఠం: డాంబర్ గీకుడు మళ్లీ ఒకసారి

ఈసారి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే పూత) ముచ్చట చెప్పాలి. కానీ డాంబర్ గీకుడు గురించిన పోయిన పాఠం చదివి బండి కిందికి దూరినోళ్లు పంపిన ఫోటోలు చూసినంక దాన్ని వాయిదా వేసిన. సగానికి సగం బండ్ల అడుగున అండర్‌కోటింగ్ (రేకుకు పూసిన డాంబర్ పొర) ఊడలేదు, సన్నగా పరుచుకుపోయి నిగనిగలాడుతోంది. అందరిదీ ఒకటే కారణం: గీకి గీకి విసుగొచ్చి గ్రైండర్‌కు తీగల బ్రష్షు తగిలించారు.

అదెందుకు వద్దో వివరంగానే చెప్తా. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ రాపిడి వేడికి డాంబర్ కరుగుతుంది. కరిగింది తీగలకు అంటుకుంటుంది. తీగలు దాన్ని తెచ్చి పక్కనున్న సాఫు రేకుకు పూస్తాయి. జంగు తిన్న చోట రేకు మీద చిన్న చిన్న గుంతలుంటాయి కదా, డాంబర్ వాటిలోకి దిగి కూర్చుంటుంది. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది. దాని మీద ప్రైమర్ కొట్టారనుకోండి, అందులోని థిన్నర్ డాంబర్‌ను కరిగించి గోధుమరంగు మరకలుగా పైకి తెస్తుంది. లోపల జంగు నడుస్తూనే ఉంటుంది. ఇంకోటి, పాతకాలపు అండర్‌కోటింగ్‌లు కొన్నింటిలో ఆస్బెస్టాస్ నార కలిపేవారు. దాన్ని దుమ్ము చేసి పీల్చుడెందుకు? ముద్దలుగా ఊడదీస్తే దుమ్ము అంతగా లేవదు. డాంబర్ మొత్తం పోయినంక జంగుకు బ్రష్షు వాడుకోండి, కాదనను.

ఇప్పటికే పూసుకుపోయిందా? డీజిల్ గుడ్డ అద్ది నానబెట్టి, మెత్తబడ్డాక గీకండి. తర్వాత థిన్నర్‌తో తుడవాలి, డీజిల్ జిడ్డు మీద ఏ రంగూ పట్టదు. డీజిల్ గుడ్డకు నలుపు అంటనే లేదంటే మీది డాంబర్ కాదు, పీవీసీ (ప్లాస్టిక్) కోటింగ్ అయి ఉంటుంది. దానికి వేడి పెట్టొద్దు, ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది.

మిర్యాలగూడ నుంచి ఒకాయన "హీట్ గన్ (వేడి గాలి కొట్టే మిషన్) పెడితే కారిపోయి కీళ్లలోకి దిగింది సార్" అన్నాడు. పొగ లేచిందంటే వేడి మించినట్టే. పుట్టీ పట్టీ (పుట్టీ పూసే రేకు బద్ద) కొస ఆనిస్తే జొన్నరొట్టె పెనం మీంచి లేచినట్టు పొర లేవాలి, అక్కడితో గన్ ఆపాలి. మన నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం బయట నిలిపిన బండికి గన్ అవసరమే పడకపోవచ్చు. నేనైతే ఎండాకాలం పట్టీతో గీకుతా, చలికాలం పొద్దున మొద్దు ఉలి, సుత్తి పడతా. చల్లటి డాంబర్ పెచ్చులుగా రాలుతుంది. పట్టీ మూలలు మాత్రం ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, లేకుంటే రేకు మీద గీతలు పడతాయి. డాంబర్‌ను చల్లబరిచి పెచ్చులుగా రాల్చడానికి వీడియోల్లో చూపించే డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) గురించి అడుగుతున్నారు. అది బండి లోపలి ఫ్లోర్ మీద పరచడానికి బాగుంటుంది, అడుగున ఎట్ల నిలుస్తుంది?

పెట్రోల్ ట్యాంకు దింపకుండా హీట్ గన్ పట్టొద్దు, అట్ల పట్టేవాళ్లకు నేను చెప్పేదేం లేదు. లోపలి ఫెల్ట్, మ్యాట్లు కూడా తీసేయండి, కింద వేడికి వాటికి నిప్పంటుకుంటుంది.

అభ్యాసం: వెనక ఎడమ మడ్‌గార్డు లోపల మొత్తం, మడత అంచుతో సహా, ఉత్త రేకు తేలేదాకా తీయండి. గద్వాల, అలంపూర్ పొలాల దారుల్లో తిరిగిన బండ్లకు ఆ మడతలో నల్లరేగడి గట్టిపడి ఉంటుంది, జంగు దాని వెనకే దాక్కుంటుంది. తర్వాత తెల్ల గుడ్డ థిన్నర్‌లో తడిపి రుద్దండి. మరక వస్తే మళ్లీ గీకాలి. నాకు గుడ్డ ఫోటో పంపండి, రేకు ఫోటో వద్దు.