కారులో పాట, నాలుగో పాఠం: ముందు ఆ కూత ఆగాలి

ఈ పాఠంలో యాంప్ (పాటకి బలం పెంచే ఆంప్లిఫయర్) మీది గెయిన్ మర, క్రాసోవర్ (ఏ స్పీకర్‌కి ఏ స్వరాలో విడదీసేది) చెప్పుకోవాలి. కానీ మూడో పాఠం చూసి యాంప్ బిగించుకున్నవాళ్లది ఒకటే గోల. ఇంజిన్ స్టార్ట్ చేస్తే స్పీకర్లలో కుయ్‌మని కూత, యాక్సిలరేటర్ తొక్కితే కూత కూడా పైకి లేస్తుంది. రాయగడ వాళ్లదీ అదే, బరంపురం వాళ్లదీ అదే, పర్లాకిమిడి వాళ్లదీ అదే. ఆ కూత పెట్టుకుని గెయిన్ సరిచేయడం దండగ. గెయిన్ ఎంత తిప్పితే కూత అంత పెరుగుతుంది. అందుకని ముందు దాని పని పడదాం.

ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ. డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి గానీ పైన చిన్న అల మిగిలిపోతుంది. ఇంజిన్ వేగం పెరిగితే ఆ అల వేగమూ పెరుగుతుంది, కూత శ్రుతి లేచేది అందుకే. అల ఉండటం తప్పు కాదు, ప్రతి కారులోనూ ఉంటుంది. పాటలోకి దూరితేనే తంటా. డాష్‌బోర్డులో సెట్టుకి కారు బాడీ మీద ఒకచోట ఎర్త్, డిక్కీలో యాంప్‌కి ఇంకోచోట ఎర్త్. ఈ రెండింటి మధ్య కొద్ది మిల్లీవోల్టుల తేడా వచ్చినా, సెట్టు నుంచి యాంప్‌కి పాట మోసే ఆర్‌సీఏ తీగ పైఅల్లిక మీదుగా కరెంటు పారుతుంది. యాంప్‌కి తేడా తెలీదు, దాన్నీ పాటతో పాటే పెంచి పంపుతుంది.

ఏదీ విప్పకముందే చెవితో తేల్చుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్‌ని రెండు వేల ఆర్పీఎం దాకా లేపండి. శబ్దం దానితో పాటే లేస్తే మనం వెతికే కూత. ఇంజిన్‌తో సంబంధం లేకుండా ఒకేలా స్‌స్‌స్ అంటుంటే అది గెయిన్ ఎక్కువైన గోల, కిందికి వెళ్లి చదవండి. పెన్‌డ్రైవ్ పాటలో ఏమీ లేకుండా, జయపురం ఆకాశవాణి పెట్టినప్పుడు మాత్రమే గరగర వస్తుంటే తప్పు యాంటెన్నా దారిలో ఉంది. యాంప్ జోలికి పోవద్దు.

కూతే అయితే సెట్టు ఆపి, యాంప్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు పీకి, మళ్లీ స్టార్ట్ చేయండి. పిన్నులు లేకున్నా కూత ఉంటే తప్పు యాంప్ పవర్‌లోనో, ఎర్త్‌లోనో, స్పీకర్ తీగ ఎక్కడో బాడీకి ఒరుసుకోవడంలోనో ఉంది. పోయిందంటే ఆర్‌సీఏ దారిన వస్తోంది. అప్పుడు హెడ్‌ఫోన్ పిన్ను నుంచి ఆర్‌సీఏకి వెళ్లే తీగతో ఫోన్‌ని నేరుగా యాంప్‌కి తగిలించండి. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండకూడదు. పాట శుభ్రంగా వస్తే తప్పు సెట్టు ఎర్త్‌లో గానీ, ఆర్‌సీఏ తీగ నడిచిన దారిలో గానీ ఉంది. కొందరి కారులో కూత అసలు యాంప్‌ది కాదు, ఫోన్‌ని సెట్టు ఆక్స్ (బయటి పాట తగిలించే) సాకెట్‌లో పెట్టి అదే ఫోన్‌ని సిగరెట్ సాకెట్‌లో ఛార్జింగ్ పెట్టడం వల్ల వస్తున్నది. ఛార్జర్ పీకి చూడండి, చిక్కు అక్కడే విడిపోవచ్చు.

ఇప్పుడు ఎర్త్. మీటరులో ఓమ్స్ పెట్టి, "సున్నా చూపిస్తోంది, ఎర్త్ బాగానే ఉంది" అంటున్నారు. చవక మీటరు ప్రోబ్ తీగలకే అర ఓమ్ దాకా ఉంటుంది. దానితో ఓమ్‌లో వందో వంతు తేడా పట్టలేరు. పట్టాల్సింది వోల్టేజీ. డీసీ రెండు వోల్టుల రేంజి పెట్టి ఎర్ర ప్రోబ్ యాంప్ ఎర్త్ స్క్రూ మీద, నల్లది పొడుగు తీగతో బ్యాటరీ మైనస్ మీద ఉంచండి. ఇంజిన్ నడవాలి, పాట గట్టిగా మోగాలి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.3 దాటితే విప్పాల్సిందే, అర వోల్టు చూపిస్తే ఆ ఎర్త్ పేరుకే ఉంది.

విప్పితే కనిపించేది చాలావరకు ఒకటే: లగ్గు (తీగ కొసన ఉండే లోహపు రింగు) కింద పెయింటు. పైకి మెరిసేదంతా ఇనుమనుకోకండి, కంపెనీ పెయింటు కింద ప్రైమర్ కూడా ఉంటుంది. రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపరుతో గీకండి, తెల్లటి లోహం బయటపడాలి. లగ్గు, దాని మీద పళ్ల వాషరు, బోల్టు. బిగించాక చుట్టూ పెట్రోలియం జెల్లీ పూయండి. లోపల కాదు, బిగించాక పైన. బరంపురం, గోపాలపురం వాళ్లకి ఇది తప్పనిసరి, ఉప్పు గాలికి గీకిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఎర్త్ తీగ 45 సెంటీమీటర్లు దాటకూడదు, పవర్ తీగ ఎంత లావో ఇదీ అంతే లావు. సీటు బెల్టు బోల్టుకి మాత్రం కట్టకండి. అది ప్రాణం కాపాడే బోల్టు, విప్పి మళ్లీ అంతే బిగువు పెట్టడం మన చేతిలో లేదు. కొత్త రంధ్రం వేయాలంటే ముందు కారు కిందికి దూరి చూడండి, వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉంటుంది, బ్రేకు పైపులూ ఆ చుట్టుపక్కలే పోతాయి.

ఆర్‌సీఏ ఒక పక్క, పవర్ తీగ ఇంకో పక్క నడవాలని మూడో పాఠంలోనే ఉంది. ఒకే పక్క లాగినవాళ్లు తివాచీ మళ్లీ ఎత్తాలి.

తీగ కూడా చూసుకోండి. అట్టపెట్టె మీద వెయ్యి వాట్లని అచ్చేసిన కిట్లలో తొడుగు లావుగా, లోపల తీగ సన్నగా ఉంటుంది, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో పోగుని గీరితే తెల్లగా బయటపడుతుంది. అదే వాడాల్సి వస్తే ఒక సైజు లావుది తీసుకోండి. ఇక "గ్రౌండ్ లూప్ ఐసొలేటర్" అని అమ్మే చిన్న డబ్బా. దానిలో ఉండేది బుల్లి ట్రాన్స్‌ఫార్మరు. కూతతో పాటు అడుగు బాస్‌నీ మింగేస్తుంది. ఆక్స్ ఫోన్‌కి పరవాలేదు గానీ యాంప్ ముందు మాత్రం పెట్టను, పెట్టమని చెప్పను.

కూత ఆగిందా? ఇక గెయిన్.

గెయిన్ వాల్యూమ్ కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, ఎవరి యాంప్ చూసినా ఆ మర కుడి చివరికి తిరిగి ఉంటుంది. దాని పక్కన ఏం రాసి ఉందో చదవండి: ఎడమ చివర 6 వోల్టులు, కుడి చివర 0.2 వోల్టులు, లేదా అలాంటి అంకెలు. సెట్టు నుంచి ఎంత వోల్టేజీ వస్తే యాంప్ తన పూర్తి బలం ఇవ్వాలో చెప్పేవి అవి. కుడి చివరికి తిప్పారంటే 0.2 వోల్టులకే పూర్తి బలం ఇమ్మన్నారు. మీ సెట్టు ఇస్తున్నది రెండు వోల్టులు. పది రెట్లు వోల్టేజీ ఇమ్మంటే యాంప్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఉన్నంత వరకు వెళ్లి ఆగిపోతుంది, అలల తలలన్నీ చదునుగా తెగిపోతాయి. అదే క్లిప్పింగ్. ఎత్తు అంతే ఉన్నా పూర్తిగా చదునైన అలలో గుండ్రటి అలకంటే రెండింతలు పవర్ ఉంటుంది. స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, వేడెక్కేది అందుకే. తెగిన అంచుల నుంచి పుట్టే పై స్వరాలు ట్వీటర్‌కి (పై స్వరాల చిన్న స్పీకర్‌కి) పోతాయి. "చిన్న యాంప్ పెట్టాను, అయినా ట్వీటర్ కాలిపోయింది" అనేవాళ్లకి జవాబు ఇదే. పోనీ అంత తిప్పి సంపాదించే శబ్దమైనా ఎంత? పవర్ రెండింతలైతే పెరిగేది 3 డెసిబెళ్లు, చెవికి కాస్త తెలుస్తుందంతే.

సరిచేసే పద్ధతి ఇది. సెట్టులో ఈక్వలైజర్ మధ్యకి, బాస్ బూస్ట్, లౌడ్‌నెస్, స్పీడ్ వాల్యూమ్ అన్నీ ఆఫ్. యాంప్ మీద క్రాసోవర్ కూడా ఆఫ్. స్పీకర్ తీగలు యాంప్ నుంచి పీకేయండి. ఇది మరిచిపోతే స్పీకర్ మీద ఆశ వదులుకోండి. గెయిన్ ఎడమ చివరికి. సెట్టు వాల్యూమ్ మొత్తం 40 అయితే 30 దగ్గర పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో 0 డీబీ (పూర్తి స్థాయి) సైన్ టోన్, అంటే ఆగకుండా మోగే ఒకే స్వరం, 100 హెర్ట్జ్. అందరూ వెయ్యి హెర్ట్జ్ అంటారు, కానీ చవక మీటర్ల పుస్తకంలో ఏసీ కొలత 40 నుంచి 400 హెర్ట్జ్ వరకే అని ఉంటుంది. ఆపైన అంకె నమ్మలేం.

కావాల్సిన వోల్టేజీ: యాంప్ ఆర్‌ఎంఎస్ వాట్లని (నిలకడగా ఇవ్వగల పవర్‌ని) స్పీకర్ ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. ఛానెల్‌కి 50 వాట్లు, 4 ఓమ్‌లైతే 14.1 వోల్టులు. 75 వాట్లైతే 17.3. వూఫర్‌కి (బాస్ స్పీకర్‌కి) మోనో 300 వాట్లు, 2 ఓమ్‌లైతే 24.5, అక్కడ టోన్ 50 హెర్ట్జ్. ఆర్‌ఎంఎస్ అంటున్నాను, పెట్టె మీది "మ్యాక్స్" అంకె కాదు. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి ప్రోబులు యాంప్ స్పీకర్ టెర్మినళ్ల మీద ఉంచండి. ఇంజిన్ నడుస్తుండాలి, బ్యాటరీ దగ్గర డీసీ 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. నెమ్మదిగా తిప్పి ఆ అంకె దగ్గర ఆపండి. తర్వాత మర మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ పెట్టండి, ఇంట్లో కుర్రాళ్లు తిప్పినా తెలిసిపోతుంది.

క్రాసోవర్ సంగతి రెండు ముక్కల్లో: డోర్ స్పీకర్లకి హైపాస్ 80 హెర్ట్జ్ (దానికి పై స్వరాలే పోతాయి), వూఫర్‌కి లోపాస్ 80 (కింది స్వరాలే). ఫేజ్ స్విచ్ సున్నా, 180 రెండూ వేసి డ్రైవర్ సీట్లో బాస్ ఎటు నిండుగా ఉంటే అటు ఉంచండి. చాలు.

వినడానికి ఏం పెట్టాలంటే, డీజే మిక్సులు వద్దు. వాటి అలలు రికార్డింగులోనే తెగి ఉంటాయి, యాంప్ తప్పో పాట తప్పో తేలదు. ఘంటసాల పాత సినిమా పాట ఒకటి పెట్టండి. అప్పటివి మోనో, రెండు పక్కలా ఒకటే శబ్దం, కాబట్టి గొంతు డాష్‌బోర్డు నడిమి నుంచి రావాలి. మనం కుడివైపు కూర్చుంటాం గనక కుడికి లాగుతుంది, బ్యాలెన్స్ ఎడమకి రెండు మెట్లు జరపండి. రెండోది ధెంసా (కొరాపుట్ గిరిజన నృత్యం) వాయిద్యం. కొరాపుట్ వైపు మహురి (సన్నాయి లాంటిది) కూత పెట్టినప్పుడు చెవిలో గుచ్చుకుంటే ట్వీటర్ ఒక మెట్టు తగ్గించాలి. మూడోది తప్పెటగుళ్లు. దెబ్బ పడి ఆగాలి, సాగకూడదు. సాగుతోందంటే వూఫర్ గెయిన్ ఎక్కువ.

అభ్యాసం. గెయిన్ ఒకసారి పెట్టి వదలకండి. మళ్లీ ఎడమ చివరికి తెచ్చి మొదటి నుంచి పెట్టండి, రెండుసార్లూ మర ఒకేచోట ఆగాలి. తేడా వస్తే టోనో, బ్యాటరీ వోల్టేజీయో మారింది, వెతకండి. తర్వాత సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి దాకా ఘాటీ ఎక్కండి. అద్దాలు సగం దించి, మలుపు అవతలి లారీ హారన్ వినబడే వాల్యూమ్ ఎంతో గుర్తుపెట్టుకోండి, ఘాటీలో అదే మీ గరిష్ఠం. పైకి చేరాక యాంప్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉండొచ్చు, చెయ్యి ఆనించలేనంత వేడి అయితే దాని చుట్టూ గాలాడటం లేదు.

వచ్చే పాఠం డోర్లకి డ్యాంపింగ్ (రేకు అదరకుండా షీటు అంటించడం). షీట్లు ఇప్పుడే కొనేయకండి. కొనక ఆగలేకపోతే ముక్క వాసన చూడండి, రోడ్డు తారు వాసన వస్తే అది బిటుమెన్, ఏప్రిల్ ఎండకి డోరు లోపల జారి అద్దం మరకి అంటుకుంటుంది. కావాల్సింది బ్యూటైల్ రబ్బరు షీటు, రెండు మిల్లీమీటర్ల మందం.