తుపాను దారి చదవడం, మూడో పాఠం: భూమధ్యరేఖకు అవతల విన్‌స్టన్

కిందటి రెండు పాఠాల్లో బంగాళాఖాతం మ్యాపు మీద బులెటిన్ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు గుర్తించి, చుక్కలు కలిపి, తుపాను నడక వేగం కట్టడం నేర్చుకున్నాం. ఈసారి అదే పని దక్షిణార్ధగోళంలో చేద్దాం. గ్రాఫ్ కాగితం, స్కేలు, పెన్సిలు తీసుకోండి.

2016 ఫిబ్రవరిలో దక్షిణ పసిఫిక్ సముద్రంలోని వనువాటు దీవుల దగ్గర పుట్టిన విన్‌స్టన్ తుపాను ఆగ్నేయంగా సాగి టోంగా దీవుల వైపు వెళ్లింది. అక్కడి వవావు దీవుల పరిసరాల్లో నెమ్మదించి, వెనక్కి తిరిగి, పడమరగా వచ్చి 20వ తేదీన ఫిజీ మీద పడింది. గీత ఎటు పోతోందో చూసి మిగతాది ఊహించేసుకునే అలవాటున్నవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

తిరుగుదారిలో అది దెబ్బతీసిన చోట్లు గుర్తిద్దాం. ఇవి తుపాను కేంద్రం కచ్చితంగా ఉన్న స్థానాలు కావు, ఊళ్లవీ దీవులవీ. సాధనకు చాలు.

వవావు: 18.7 దక్షిణం, 174 పశ్చిమం
వనువా బలావు (ఫిజీ తూర్పు దీవి): 17.2 దక్షిణం, 179 పశ్చిమం
కోరో (ఫిజీ దీవి): 17.3 దక్షిణం, 179.4 తూర్పు
రాకిరాకి (ఫిజీ ప్రధాన దీవి ఉత్తర తీరంలోని ఊరు): 17.4 దక్షిణం, 178.2 తూర్పు

తుపాను పడమరకే పోతోంది, అంకెలేమో 174 నుంచి 179కి పెరిగి, మళ్లీ 178కి తగ్గాయి. కారణం, 180వ రేఖాంశం ఫిజీ మధ్యగా పోతుంది. దానికి అటు పశ్చిమ రేఖాంశాలు, ఇటు తూర్పువి. పశ్చిమ అంకెను 360లోంచి తీసేస్తే చిక్కు వీడిపోతుంది: 186, 181, 179.4, 178.2. ఇక వరసగా తగ్గుతూ వస్తాయి. ఈ అక్షాంశంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు. కోరో నుంచి రాకిరాకికి 1.2 డిగ్రీలు, అంటే 127 కిలోమీటర్లు.

ఇప్పుడు అసలు విషయం. ఏ పక్క దెబ్బ ఎక్కువ? మన తుపాన్లు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి, అవి వెళ్లే దారికి కుడి పక్క గాలి బలంగా ఉంటుంది. దక్షిణార్ధగోళంలో తిరుగుడు మారుతుంది. అక్కడ ప్రమాదం ఎడమ పక్క. గిరగిర తిరిగే గాలి గంటకు 200 కిలోమీటర్లు, తుపాను నడక 25 అనుకుంటే ఎడమన 225, కుడిన 175 అవుతాయి. నిజంలో లెక్క ఇంత నీట్‌గా రాదు గానీ, ఏ పక్క ఎక్కువో మాత్రం ఇలాగే తేలుతుంది.

విన్‌స్టన్ పడమరగా నడిచింది, అంటే ఎడమ పక్క దక్షిణం. రాజధాని సువా ఆ పక్కనే ఉంది. అయినా అసలు దెబ్బ తప్పించుకుంది. మ్యాపులో కొలవండి: రాకిరాకికీ సువాకీ మధ్య దాదాపు 90 కిలోమీటర్లు. భీకరమైన గాలి తుపాను నడిమధ్య ఉండే కన్ను చుట్టూ ఉన్న వలయంలోనే ఉంటుంది, దూరం జరిగేకొద్దీ బలం తగ్గుతుంది. పక్క చూసి దూరం చూడకపోతే సగం చదివినట్టే.

చేతిలో మ్యాపు లేకపోయినా కేంద్రం ఎటుందో చెప్పొచ్చు. గాలికి ఎదురుగా నిలబడితే మన దగ్గర అది సుమారుగా కుడిచేతి వైపు, ఫిజీలో ఎడమచేతి వైపు ఉంటుంది. తుపాను వేళ బయట నిలబడి పరీక్షించకండి, కిటికీలోంచి కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో చూస్తే చాలు.

గాలి వేగం అంకెలతోనూ జాగ్రత్త. ఫిజీ వాతావరణ శాఖ 10 నిమిషాల సగటు చెబుతుంది, మన వాళ్లు 3 నిమిషాలది, అమెరికా వాళ్లు 1 నిమిషానిది. సగటు కాలం పెరిగితే అంకె తగ్గుతుంది. అలాంటిది, విన్‌స్టన్‌కు 10 నిమిషాల సగటే 280 కిలోమీటర్లుగా అంచనా వేశారు. వనువా బలావులో ఒక విసురు 306 కిలోమీటర్లు నమోదైంది.

ఈ గీత కింద నలిగినదేమిటో చూడకుండా మ్యాపు మడవకూడదు. 44 మంది చనిపోయారు. దాదాపు 30 వేల ఇళ్లు దెబ్బతిన్నాయి లేదా కూలిపోయాయి. రాకిరాకిలోని పెనాంగ్ చక్కెర మిల్లు పాడైపోయి మూతపడింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ వార్త మనకు మరీ పరాయిది కాదు. కోరోలో కావా పంట పోయింది, దాని వేళ్లతో అక్కడివాళ్లు పానీయం చేసుకుంటారు. కావా మొక్క కోతకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

మనకు ఒక జిల్లా మునిగితే పక్క జిల్లా నుంచి లారీలు బయల్దేరతాయి. దీవికి పక్క జిల్లా అంటే సముద్రమే. కోరో లాంటి చోట్లకు బియ్యం, టార్పాలిన్లు ఓడలో రావాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నౌకాదళాలు ఆ పని చేశాయి. మొత్తం నష్టం దేశ వార్షిక ఉత్పత్తిలో ఐదో వంతు దాకా ఉంటుందని లెక్కగట్టారు. అందుకే దీవుల దేశం మ్యాపులో తుపాను దాటిన ప్రతి దీవినీ విడిగా గుర్తించండి, తీరం దాటిన ఒక్క చోటుతో ఆపకండి.

సాధన: లెవుకా ఊరు 17.7 దక్షిణం, 178.8 తూర్పు. తుపాను కేంద్రం కోరో మీద ఉన్నప్పుడు లెవుకా ఎంత దూరం, దారికి ఏ పక్క, అక్కడ గాలి ఎటు నుంచి వీస్తుంది? కేంద్రం రాకిరాకి చేరాక గాలి ఎటు మారుతుంది? దూరం 77 కిలోమీటర్లకు దగ్గరగా, ఊరు ఎడమ పక్కన, గాలి ముందు ఆగ్నేయం నుంచి, తర్వాత ఈశాన్యం నుంచి వస్తే మీ గీత సరిగ్గా ఉన్నట్టే. నాలుగో పాఠంలో ఉప్పెన ఎత్తు చూద్దాం. దానికి తీరం దగ్గర సముద్రం లోతు చూపించే మ్యాపు ఒకటి సంపాదించి పెట్టుకోండి.