సీరియల్ బఫర్‌లో సమాచారం పోకుండా, పాతబడకుండా చూసుకోవడం

గుంటూరులో మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ గదిలో ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు డీహెచ్‌టీ22 సెన్సర్ తగిలించి, ఉష్ణోగ్రతను, తేమను 2 సెకన్లకొకసారి యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపుతూ, అక్కడి నుంచి పరిమితులను తిరిగి బోర్డుకు పంపే ఏర్పాటు చేసుకున్నామనుకుందాం. ఇందులో బఫర్‌లు, అంటే వచ్చిన బైట్లను చదివేదాకా తాత్కాలికంగా దాచే చోట్లు, రెండు వైపులా ఉంటాయి గానీ చిక్కు ఒకటి కాదు: బోర్డు వైపు నిండితే సమాచారం పోతుంది, కంప్యూటర్ వైపు పేరుకుంటే పాతబడుతుంది.

ఊనో స్వీకరణ బఫర్ 64 బైట్లు. అందులో వాడుకకు వచ్చేవి 63. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో బైట్‌కు 10 బిట్లు పడతాయి కనుక, ఎడతెగకుండా పంపితే ఆ చోటు 9600 బాడ్ (సెకనుకు బిట్లు) వేగంలో సుమారు 66 మిల్లీసెకన్లలోనూ, 115200 వేగంలో అయిదున్నర మిల్లీసెకన్లలోనూ నిండిపోతుంది. ఆ తరువాత వచ్చిన బైట్‌ను లైబ్రరీ ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. కాబట్టి ప్రోగ్రామ్‌ను 2 సెకన్లు ఆపేసే డిలే(2000) రాయకుండా మిల్లిస్‌తో సమయం చూసుకుంటూ, లూప్ తిరిగిన ప్రతిసారీ సీరియల్.అవైలబుల్ (ఇంకా చదవాల్సిన బైట్ల సంఖ్య) సున్నా అయ్యేదాకా చదివి, అక్షరాలను 32 గడుల అర్రేలో చేర్చి, న్యూలైన్ రాగానే ఆదేశాన్ని అమలు చేయాలి. రీడ్‌స్ట్రింగ్ తేలికగా కనిపించినా, చివరి అక్షరం తరువాత మరో సెకను ఎదురుచూస్తుంది కనుక ఇక్కడ పనికిరాదు.

బఫర్‌ను 256 బైట్లకు పెంచమనే సలహా తరచుగా వినిపిస్తుంది. ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లే ఉన్న చిప్‌లో అది ఖరీదైన పని. పైగా ఈ సెన్సర్ దగ్గర ఆ సలహా పారదు. డీహెచ్‌టీ22 పల్స్‌లను కొలిచే కొద్ది మిల్లీసెకన్లపాటు సాధారణంగా వాడే లైబ్రరీ ఇంటరప్ట్‌లను, అంటే బైట్ రాగానే ప్రాసెసర్‌ను దానివైపు మళ్లించే సంకేతాలను, ఆపేస్తుంది. అంతసేపూ బైట్లు బఫర్ దాకా చేరవు, చిప్‌లోని సీరియల్ విభాగం దాచుకోగలిగేది రెండు మూడు బైట్లే. అందుచేత కంప్యూటర్ తనకు తోచినప్పుడు పంపకూడదు. బోర్డు నుంచి రీడింగ్ అందిన వెంటనే ఒక ఆదేశం పంపి, జవాబు వచ్చాకే రెండోది పంపాలి.

కంప్యూటర్ వైపు పైథాన్ ప్రోగ్రామ్ 5 సెకన్లకొక లైను చదువుతుంటే, 10 నిమిషాల్లో వచ్చిన 300 లైన్లలో 120 మాత్రమే పూర్తవుతాయి. అప్పటికి తెరపై ఉన్నది 6 నిమిషాల కిందటి ఉష్ణోగ్రత. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించడానికి తలుపు తెరిచి, మళ్లీ మూసేశాక ఎప్పటికో గానీ ఆ పెరుగుదల కనిపించదు. వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే భాగంలో) నిరంతరం చదువుతూ చివరి రీడింగ్‌ను మాత్రమే ఉంచుకోవడం మేలైన పద్ధతి. అది వద్దనుకుంటే, చదివే ముందు రీసెట్_ఇన్‌పుట్_బఫర్ పిలిచి పేరుకున్నదాన్ని చెరిపేసి, తరువాత వచ్చే మొదటి లైను సగంలో మొదలై ఉండవచ్చు కనుక దాన్ని వదిలేసి, రెండోదాన్ని తీసుకోవాలి. టైమవుట్ 3 సెకన్లు పెట్టుకుంటే సెన్సర్ వైరు ఊడినా ప్రోగ్రామ్ స్తంభించదు.

బోర్డులోని సీరియల్.ఫ్లష్ ఈ శుభ్రం చేసే పనికి రాదు, ఆర్డుయినో 1.0 వెర్షన్ నుంచి అది పంపవలసినవి పూర్తిగా వెళ్లేదాకా ఆగుతుందంతే. పోర్టు తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది కాబట్టి, 2 సెకన్లు ఆగి, ఇన్‌పుట్ బఫర్ ఖాళీ చేశాకే మొదటి ఆదేశం పంపాలి.