‘రిసిండ్’ అనే ఆంగ్ల క్రియను వాడే తీరు

అధికారికంగా వెలువడిన ఉత్తర్వును, నిర్ణయాన్ని, ఒప్పందాన్ని లేదా ఉద్యోగ ప్రతిపాదనను రద్దు చేయడం, ఉపసంహరించుకోవడం అనే అర్థంలో ఆంగ్లంలో ‘రిసిండ్’ అనే క్రియను వాడతారు. ‘కోయడం, చీల్చడం’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిన ఈ మాట స్పెల్లింగులో ‘ఎస్’ తర్వాత ‘సి’ కనిపించినా, దీన్ని ‘రెస్కిండ్’ అని పలకకూడదు.

వాడేముందు ముఖ్యంగా గమనించవలసింది కర్తను. ఉత్తర్వు ఇచ్చినవారో, దాన్ని రద్దు చేసే అధికారం ఉన్నవారో మాత్రమే కర్తగా ఉండాలి కాబట్టి, ‘ద కంపెనీ రిసిండెడ్ ది ఆఫర్’ అన్న వాక్యం సరైనదే గాని, ఉద్యోగం వద్దనుకున్న అభ్యర్థి విషయంలో ‘డిక్లైన్’ అనాలి. టికెట్లకు, సమావేశాలకు ‘క్యాన్సిల్’ చాలు. అక్కడ ‘రిసిండ్’ అనే మాట ఆడంబరంగా, నిజానికి కాస్త నవ్వు పుట్టించేలా ఉంటుంది. దీని నామవాచక రూపమైన ‘రిసిజన్’ ఎక్కువగా ఒప్పందాల చట్టంలోనే కనిపిస్తుంది.