వాడిన లగ్జరీ ఎస్‌యూవీ కొనడం – మూడవ పాఠం: మోడల్ సంవత్సరానికి మూడు వయసులు

గత పాఠంలో మన దగ్గరున్న సొమ్మును కారు ధరకు కొంత, మొదటి ఏడాది మరమ్మతులకు కొంత అని విడదీసుకున్నాం. ఆ సొమ్ముతో ఏ సంవత్సరపు కారు కోసం వెదకాలో తేల్చుకునే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం. ఉదాహరణలన్నీ అమెరికా మార్కెట్టువే. లెక్సస్ కొనమంటారా, బీఎండబ్ల్యూ కొనమంటారా అని అడిగిన ప్రతివారినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ సంవత్సరానిది, ఏ ఇంజనుది? ఈ రెండూ తెలియకుండా కంపెనీ పేరు మీద ఇచ్చే సలహాకు విలువ లేదని నా నమ్మకం.

ముందుగా, మన ఎదుట ఉన్న కారు ఏ సంవత్సరానిదో ఖచ్చితంగా తెలియాలి. డ్రైవరు తలుపు తెరిచి, అది మూసుకునే స్తంభం మీద అంటించిన స్టిక్కరు చూడండి. దాని మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అక్కడ 08/15 అని ఉంటే ఆ కారు 2015 ఆగస్టులో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిందని అర్థం. అయినా అది 2016 మోడల్ కావచ్చు. మోడల్ సంవత్సరాన్ని చెప్పేది విన్ నంబరులోని (ప్రతి కారుకూ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిసిన 17 స్థానాల గుర్తింపు సంఖ్య) పదో స్థానం. 2001 నుంచి 2009 వరకు అక్కడ 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి. 2010కి ఎ, 2011కి బి, ఆ వరుసలోనే 2017కి హెచ్ వస్తాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలను విన్‌లో వాడరు కనుక 2018కి జె, 2022కి ఎన్, 2023కి పి, 2024కి ఆర్ అవుతాయి. నెలనూ మోడల్ సంవత్సరాన్నీ రెండింటినీ రాసుకోండి. రెండూ ఎందుకు కావాలో కాసేపట్లో తెలుస్తుంది. (హైదరాబాదులోనో విజయవాడలోనో కొనేవారు ఆర్‌సీలో తయారీ నెలను చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరాన్నే మోడల్‌గా చెప్పి అమ్మడం అక్కడ మామూలు.)

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక తరం (కంపెనీ ఒక మోడల్‌ను పూర్తిగా కొత్తగా రూపొందించి కొన్నేళ్ళు అమ్మే కాలం) తొలి సంవత్సరపు కారు కొనవద్దనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట సరైనదే గాని సగమే. కారుకు ఒకటి కాదు, మూడు వయసులుంటాయి: బాడీ వయసు, ఇంజను వయసు, గేర్‌బాక్సు వయసు. ఈ మూడూ ఒకే ఏడాది కొత్తగా రావాలని ఏమీ లేదు. బాడీ పాతబడిన నాలుగో ఏట కంపెనీ కొత్త ఇంజను పెడితే, పైకి కుదురుకున్నట్టు కనిపించే ఆ కారు లోపల మళ్ళీ తొలి ఏడాదిలోనే ఉన్నట్టు లెక్క.

లెక్సస్ ఆర్ఎక్స్‌ను తీసుకోండి. దాని రెండవ తరం 2004లో ఆర్ఎక్స్ 330గా వచ్చింది. 2007లో అదే బాడీలో 3.5 లీటర్ల ఇంజను చేరి ఆర్ఎక్స్ 350 అయింది. బాడీకి అది నాలుగో ఏడు, ఆ మోడల్‌లో ఆ ఇంజనుకు మాత్రం తొలి ఏడు. ఆ ఇంజనులో వాల్వుల టైమింగును నియంత్రించే భాగానికి ఆయిల్ తీసుకువెళ్ళే గొట్టంలో ఒక ముక్కను రబ్బరుతో చేశారు. ఏళ్ళ తరబడి వేడికి ఆ రబ్బరు పగిలితే ఆయిల్ క్షణాల్లో బయటికి చిమ్ముతుంది. గమనించక నడిపితే ఇంజనే పోతుంది. కంపెనీ తరువాత పూర్తి లోహపు గొట్టం తయారుచేసి, చాలా కార్లకు ఉచితంగా మార్చింది. కనుక 2007, 2008 ఆర్ఎక్స్ 350 కనిపిస్తే భయపడి వెనక్కి రానక్కరలేదు. టార్చి, చిన్న అద్దం తీసుకుని ఇంజనుకు ప్యాసింజరు వైపున, టైమింగ్ కవరు దగ్గర చూడండి. గొట్టం మధ్యలో నల్లటి రబ్బరు ముక్క ఉంటే ఆ పని జరగలేదు. ఒక చివర నుంచి మరో చివర దాకా లోహమే ఉంటే జరిగింది.

ఆక్యూరా ఎండీఎక్స్‌లో ఇలాంటిదే గేర్‌బాక్సు విషయంలో కనిపిస్తుంది. మూడవ తరం 2014లో 6 గేర్లతో మొదలైంది. 2016లో 9 గేర్ల కొత్త పెట్టె వచ్చింది. మూడో ఏడు కదా, కుదురుకుని ఉంటుందని 2016 కారు కొనేవారు నిజానికి ఆ మోడల్‌లో ఆ గేర్‌బాక్సు తొలి ఏడాదిని కొంటున్నారు. పైగా ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టు తయారీలో జరిగిన పొరపాటు వల్ల కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగే ప్రమాదం ఉందని 2023 నవంబరులో ప్రకటించిన రీకాల్‌లో (లోపమున్న కార్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడం) 2016 నుంచి 2020 వరకు ఎండీఎక్స్‌లు ఉన్నాయి. ఇక్కడ ఒక సంవత్సరాన్ని తప్పించుకుని లాభం లేదు. ఆ రీకాల్ కింద తనిఖీ జరిగిందా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

దీనికి ఎదురు ఉదాహరణ బీఎండబ్ల్యూ ఎక్స్5 ఇస్తుంది. 2019లో వచ్చిన తరం బాడీ పూర్తిగా కొత్తది. కాని అందులోని 40ఐ రకంలో పెట్టిన బి58 అనే ఆరు సిలిండర్ల ఇంజను 2016 మోడల్ నుంచే ఆ కంపెనీ ఇతర కార్లలో తిరుగుతోంది. అందుచేత ఆ కారు తొలి ఏడాదిలోని భయం తెరలు, సెన్సార్లు, బాడీ భాగాల వరకే. ఇంజను విషయంలో నాకు దాని మీద మంచి నమ్మకం ఉంది. అదే ఎక్స్5లో 2011 నుంచి 2013 వరకు అమ్మిన 50ఐ సంగతి వేరు. దాని వి8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజనులో, లోపలికి అదనపు గాలిని నెట్టే రెండు టర్బోలనూ సిలిండర్ల రెండు వరుసల నడుమ, అత్యంత వేడి చోట అమర్చారు. ఆయిల్ తాగడం, వాల్వు సీళ్ళు గట్టిపడటం, ఇంజెక్టర్లు పాడవడం వంటి సమస్యలు ఎన్నో రావడంతో 2014 డిసెంబరులో కంపెనీయే అమెరికాలో ఆ ఇంజను కార్ల కోసం ప్రత్యేక సేవా కార్యక్రమం ప్రారంభించింది. 2012 ఎక్స్5 అని ప్రకటనలో రాసి ఉంటే అది ఆరు సిలిండర్ల 35ఐ కావచ్చు, ఈ 50ఐ కావచ్చు. రెండోది అయితే ధర ఎంత ఆశ పెట్టినా దాని జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను.

మూడు వయసులూ కలిసి పండిన కారు కావాలంటే లెక్సస్ జీఎక్స్ 460 చూడండి. అది 2010 నుంచి 2023 వరకు ఒకే 4.6 లీటర్ల వి8 ఇంజనుతో, ఒకే ఛాసిస్‌తో నడిచింది. దానికి కూడా తొలి ఏడాది గండం తప్పలేదు. 2010 ఏప్రిల్‌లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక, మలుపులో యాక్సిలరేటరు వదిలితే వెనుక భాగం పక్కకు జారుతోందని, దాన్ని కొనవద్దని హెచ్చరించింది. లెక్సస్ అమ్మకాలు ఆపి స్థిరత్వ నియంత్రణ సాఫ్ట్‌వేరును మార్చింది; నెల తిరగకముందే పత్రిక ఆ హెచ్చరికను ఉపసంహరించుకుంది. 2014లో ముందు భాగం రూపు మారింది, 2020లో తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ వంటి భద్రతా పరికరాలు అన్నింటిలోనూ చేరాయి. ఇంజను మాత్రం మారలేదు. అందువల్ల 2014–2019 నా మొదటి ఎంపిక. ఇంట్లో కొత్తగా డ్రైవింగు నేర్చుకుంటున్న పిల్లలుంటే 2020 లేదా ఆ తరువాతి దానికి ఎక్కువ పెట్టడం న్యాయమే, కాని ఆ అదనపు డబ్బు ఇంజను కోసం కాదని తెలిసి పెట్టండి.

మంచి సంవత్సరమైనా కారు కారుకూ తేడా ఉంటుంది. జీఎక్స్ 460లో ఇంజను చల్లగా ఉన్నప్పుడు పైనున్న ప్లాస్టిక్ మూత తీసి, సిలిండర్ల రెండు వరుసల నడుమ లోయలాంటి చోట టార్చి వేయండి. ఎండిన సున్నంలా గులాబీ రంగు పెచ్చు కనిపిస్తే అక్కడ ఇంజనును చల్లబరిచే కూలెంట్ ద్రవం కారుతోందని అర్థం. దాన్ని సరిచేయాలంటే ఇంజనుకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు విప్పాలి. ఖర్చు తక్కువ కాదు. మంచు రాష్ట్రాల్లో తిరిగిన కారైతే రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసిస్‌ను తినేస్తుంది కనుక నేల మీద పడుకుని కింద కూడా చూడండి.

తయారీ నెల ఎందుకు రాసుకోమన్నానో ఇప్పుడు చెబుతాను. ఒక లోపం బయటపడ్డాక కంపెనీలు డీలర్లకు సాంకేతిక బులెటిన్లు పంపుతాయి. చాలా బులెటిన్లలో, మార్చిన భాగం ఏ విన్ నంబరు నుంచి లేదా ఏ నెల నుంచి ఫ్యాక్టరీలోనే అమరుస్తున్నారో రాసి ఉంటుంది. జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ) వెబ్‌సైటులో మోడల్, సంవత్సరం ఇస్తే ఆ బులెటిన్లు, విన్ ఇస్తే ఇంకా సరిచేయని రీకాల్స్ ఉచితంగా కనిపిస్తాయి. కొన్నేళ్ళ క్రితం నేను ఒక యూరోపియన్ ఎస్‌యూవీని సంవత్సరం మాత్రమే చూసి కొన్నాను. గేర్‌బాక్సు మొరాయించాక బులెటిన్ చదివితే, అందులోని ఒక భాగాన్ని అదే ఏడాది వసంతంలో మార్చారని తెలిసింది. నా కారు అందుకు రెండు నెలల ముందు తయారైంది. అదే మోడల్, అదే సంవత్సరం, రెండు నెలల తేడా; ఆ మరమ్మతుకు నేను పెట్టిన సొమ్ముతో మా అమ్మానాన్నలకు రానుపోను టిక్కెట్లు వచ్చేవి.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక మోడల్ ఎంచుకుని, కాగితం మీద ఒక తరంలోని సంవత్సరాలను అడ్డంగా, బాడీ, ఇంజను, గేర్‌బాక్సు అనే మూడు వరుసలను కిందికి రాయండి. ప్రతి గడిలో ఆ భాగానికి అది ఎన్నో ఏడో అంకె వేయండి. ఇంజను ఆ కంపెనీ మరో కారులో ముందే వచ్చి ఉంటే ఆ ఏళ్ళను కూడా కలపండి. మూడు గడుల్లోనూ 3 లేదా అంతకంటే పెద్ద అంకె ఉన్న సంవత్సరాలకు సున్నా చుట్టి, వాటికి మాత్రమే బులెటిన్లు వెదకండి. వచ్చే పాఠంలో ఆ కాగితం చేతిలో పట్టుకుని, కొనేముందు మెకానిక్ చేత చేయించే తనిఖీని మొదలుపెడతాం.