మారుమూల ద్వీపంలో విస్కీ డిస్టిలరీ ప్రారంభించడం ఎలా?

స్కాట్లండ్ పశ్చిమ తీరానికి ఆవల ఉన్న ఏ ద్వీపంలోనైనా విస్కీ డిస్టిలరీ పెట్టదలచిన వారు రాగి బట్టీల కంటే ముందు, రాబడి లేని సంవత్సరాల ఖర్చు గురించి ఆలోచించాలి. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం, స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు నిల్వ ఉండని సరుకును స్కాచ్ విస్కీ అన్న పేరుతో అమ్మడానికి వీలు లేదు. ఆ మూడేళ్లూ జీతాలు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), ఇంధనం, పీపాల ఖర్చు మాత్రం ఆగవు. హారిస్ ద్వీపంలోని డిస్టిలరీ 2015లో మొదలై, సముద్రపు నాచుతో చేసిన జిన్‌ను అమ్ముకుంటూ నిలదొక్కుకుని, 2023లో గానీ తన తొలి విస్కీని విడుదల చేయలేదు. జిన్‌కు నిల్వ అవసరం లేదు కనుక చాలా కొత్త డిస్టిలరీలు ఈ దారే పట్టాయి. ఇది రాజీ కాదు, సరుకును తొందరపడి బయటకు తీయకుండా కాపాడే ఏర్పాటు అని నా అభిప్రాయం.

స్థలం ఎంచుకునేటప్పుడు నీటికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. మాల్ట్‌ను నానబెట్టి తీపి రసం తీయడానికి దాని బరువుకు సుమారు నాలుగు రెట్లు నీరు కావాలి. ఆవిరిని చల్లార్చడానికి అంతకంటే ఎన్నో రెట్లు కావాలి. ద్వీపాల వాగులు చిన్నవి, వాన వెనకపడితే త్వరగా చిక్కిపోతాయి. అందువల్ల వాగు ప్రవాహాన్ని వేసవితో సహా ఏడాది పొడవునా కొలిపించిన తరువాతే భూమి కొనాలి. నీటిని తోడుకోవడానికి, వ్యర్థాలను వదలడానికి స్కాట్లండ్ పర్యావరణ పరిరక్షణ సంస్థ అయిన సెపా నియమాలు వర్తిస్తాయి. రసం తీయగా మిగిలిన పిప్పిని పశువుల మేతగా రైతులు తీసుకుంటారు. అయితే పులిసిన రసంలో ఆల్కహాల్ సుమారు ఎనిమిది శాతమే ఉంటుంది కనుక, రెండుసార్లు బట్టీ పట్టడంలో తొలి బట్టీలో చివరకు మిగిలే ద్రవం చాలా ఎక్కువ. దాన్ని ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోవాలి.

డిస్టిలరీకీ, సుంకం చెల్లించకుండా పీపాలను నిల్వ చేసే గోదాముకూ బ్రిటన్ పన్నుల శాఖ అనుమతి తప్పనిసరి.

పరిమాణం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. టన్ను మాల్ట్ నుంచి దాదాపు 400 లీటర్ల శుద్ధ ఆల్కహాల్ వస్తుంది. దాన్ని పీపాల్లో నింపడానికి వాడే 63.5 శాతం స్థాయికి తెస్తే సుమారు 630 లీటర్లు, అంటే అమెరికా విస్కీ అయిన బర్బన్‌కు వాడిన 200 లీటర్ల పీపాలు మూడు నిండుతాయి. నిల్వలో ఏటా రెండు శాతం వరకు ఆవిరైపోతుంది. కాబట్టి గోదామును మొదటి ఏడాది అవసరానికి కాక, ఏటేటా పేరుకునే పీపాలన్నిటికీ సరిపడేలా కట్టాలి, లేదా విస్తరణకు పక్కన భూమి వదిలిపెట్టాలి.

రుచి బట్టీలోనే మొదలవుతుంది. రెండో బట్టీలో ముందు వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ వేరుచేసి, నడిమి భాగాన్ని మాత్రమే పీపాకు పంపాలి. ఆ కోత ఎక్కడ వేయాలో తెలిసిన అనుభవజ్ఞుడిని తొలి ఏళ్లలోనైనా నియమించుకోవాలి. రాగి గంధకపు వాసనలను తగ్గిస్తుంది, ఆవిరికి రాగి ఎంత తగిలేదీ బట్టీ ఆకారాన్ని బట్టి ఉంటుంది కనుక ఆ ఆకారాన్ని ధర చూసి తేల్చకూడదు.

బార్లీని ద్వీపంలోనే పండించడమూ సాధ్యమే. 2005లో ఇస్లే ద్వీపంలో మొదలైన కిల్హోమన్ డిస్టిలరీ పక్క పొలంలోని బార్లీతోనూ విస్కీ చేస్తోంది. మిగిలిన వారికి మాల్ట్ ఫెర్రీ మీదే రావాలి. శీతాకాలపు గాలులకు ఫెర్రీలు రద్దవుతాయి కనుక, మాల్ట్, ఈస్ట్, ఇంధనం, బట్టీ విడిభాగాల నిల్వను అక్టోబరు లోపలే నింపుకోవాలి.